కొనని పిల్ల బోణీ

మార్కాపురం,
17 ఆగస్టు 2025.

అమ్మాయ్ తనూజా,

క్షేమ సమాచారాలకు ముందు ఒక ఫిర్యాదు. నీ తాత ఉమామహేశ్వర్లుకు చెవులు పోయాయి గాని కళ్ళు పోలేదని గిద్దలూరులో నీకెవరూ చెప్పినట్టు లేదు. ఫోను చేస్తావు. ఎదుటి మనిషి మాటైతే పెదాలు చూసి పట్టేస్తాను గాని, అందులో నాకు తేనెతుట్టె మోత తప్ప మరొకటి వినపడదు. మర్యాదకు ‘ఆఁ, ఆఁ’ అంటాను. మొన్న ఆ ఆఁలలో దేనికో ఒప్పుకున్నానట. అప్పటినుంచి మీ జేజి లక్ష్మమ్మ నా ముందు కంచం పెట్టి, మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోతోంది. దేనికి ఒప్పుకున్నానో కాస్త రాసి పుణ్యం కట్టుకో. ఇకనుంచి మనిద్దరికీ కాగితమే.

రెండో సంగతి. మీ నాయన ఫణికృష్ణ నిన్న ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టి, “చూడు నాయనా, నీ మనవరాలు ఊరికంతా ఏం చాటిందో!” అన్నాడు. అద్దాలు తుడుచుకుని చదివాను. ‘ఈ వారం నాకు దొరికినవి’ అని నువ్వు నడిపే పేజీ. దొరికినవి బాగానే ఉన్నాయి. నత్త దోసకాయ తింటున్న చప్పుడు ఎవరో రికార్డు చేశారట. ఆ చప్పుడు నాకెలాగూ వినపడదు గనుక నమ్మేశాను. పాతకాలపు తాళంచెవుల బొమ్మలు తీరిగ్గా చూశాను. అంతా అయ్యాక అడుగున, సబ్బు ధర చెప్పినంత తేలిగ్గా ఒక మాట: ‘మొన్నటి ఉగాది నుంచి వచ్చే ఉగాది దాకా నేను కొత్త బట్ట కొనను, కట్టను. అడిగినవాళ్ళందరికీ ఇదే జవాబు.’

బట్టల దుకాణం పిల్లవు కదే! మిఠాయికొట్టు వాడి కొడుకు తీపి మానేస్తే డాక్టరు మానమన్నాడనుకుంటారు. నువ్వు బట్ట మానేస్తే ఏమనుకుంటారు? పొద్దున పాల దగ్గర చిన్నయ్య అడగనే అడిగాడు: “ఏంది శెట్టిగారూ, దుకాణం ఎత్తేస్తన్నారంటనే? ఇంట్లో పిల్లకే బట్టలు తీయలేకపోతన్నారంట!” బస్టాండు దగ్గర అద్దాల షోరూము కట్టి, దసరాకు తెరవబోతుంటే ఈ మాట.

అసలు సంగతి బోణీ. కొత్త షోరూములో తొలి బేరం నువ్వే చెయ్యాలని మీ నాయన పట్టు. నీకు నడకొచ్చిన ఏడు నిన్ను గల్లాపెట్టె మీద నిలబెట్టి ఒక రవికె గుడ్డ కొనిపించాం. ఆ ఏడు అమ్మకం చూసి వాడికి నీ చేతి మీద గురి కుదిరింది. దేవుడి మీద కూడా వాడికి అంత గురి లేదు. అప్పటినుంచి ప్రతి దసరాకూ బోణీ నీదే. వస్తావా, రావా? వస్తే కొంటావా, కొనవా? నీళ్ళు నమలకుండా రాయి.

నీ తాత

గిద్దలూరు,
22 ఆగస్టు.

తాతా,

నువ్వు ఒప్పుకున్నది ఇది: జేజి పెట్టెలో కట్టకుండా పడివున్న పాత చీరలు నాకిస్తుందా అని అడిగాను. నువ్వు ‘ఆఁ’ అన్నావు. అందులో అలగడానికి ఏముందో నాకర్థం కాలేదు.

నేను బాగున్నాను. కాలేజీలో కంప్యూటరు పాఠాలు, రూముకూ కాలేజీకీ మధ్య సైకిలు, చక్కెర లేని టీ. జుట్టు మళ్ళీ కురచగా కత్తిరించుకున్నాను, ఈసారి నా చేత్తోనే. ఇంటి ఓనరవ్వ చూసి, “ఏమ్మే, ఏదన్నా మొక్కుకున్నావా?” అంది. “లేదవ్వా, ఉక్కపోత” అన్నాను. “ఉక్కపోతకు జుట్టు తీస్తారా ఎవరన్నా, ఫ్యాను కొనుక్కుంటారు గాని!” అని నవ్వింది.

నాకు దొరికినవాటిలో నీకు పనికొచ్చేవి ఇకనుంచి చేత్తో రాసి పంపుతాను. ఒకచోట భూగోళం బొమ్మ ఉంది. వేలితో తిప్పి ఎక్కడ ఆపితే అక్కడి రేడియో అప్పటికప్పుడు పలుకుతుంది. నిన్న ఏదో మంచు దేశంలో ఒకాయన చేపల ధరల్లాంటివేవో చదువుతుంటే వింటూ పప్పు తాలింపు వేశాను. భాష తెలియదు గాని బేరగాడి గొంతు ఎక్కడైనా ఒకటే.

ఇంకొకటి నవ్వుకునేది కాదు, ఉగాది ముందు దొరికింది. ఒక ఎడారిలో బట్టల కొండ. వీడియో తీసినవాళ్ళు కెమెరా పట్టుకుని నడుస్తూనే ఉన్నారు, కొండ అయిపోదు. ధర చీటీలు కూడా ఊడని చొక్కాలు, ఒక్కసారి తొడగని గౌన్లు, ఇసుకలో. చీర మడత తప్పుగా పడితేనే నువ్వు మళ్ళీ విప్పి వేస్తావే, అది గుర్తొచ్చింది. ఆ రోజే అనుకున్నాను. ఇది మొక్కు కాదు, నాయన మీద కోపం కాదు. నా ఒంటి మీద ఏముండాలో నేను చెప్పుకునే మాట, అంతే.

బోణీకి వస్తాను. కొనను. రెండూ ఎలా కుదురుతాయో తెలియదు. రెండిట్లో ఏదీ వదలను.

తనూ

మార్కాపురం,
29 ఆగస్టు.

చక్కెర లేని టీ తాగే అమ్మాయికి,

నువ్వు చేసిన నేరం ఏమిటో ఇప్పుడు తెలిసింది. నీ ఉత్తరం మీ జేజికి చదివి వినిపించాను. లక్ష్మమ్మ నడుం మీద చేతులు వేసుకుని అంది: “మన ఇండ్లల్లో ఆడమనిషి పెట్టె ఎప్పుడు తెరుస్తారు? పోయి, దినాలు అయినాక, కూతుండ్లను కోడండ్లను పిలిచి పంచుతారు. నేను ఇంకా ఇడ్లీ పిండి రుబ్బుతా ఉండంగానే నా పెట్టె పంచుకుంటారా? దానికి నువ్వు ఆఁ అంటావా?” అయిదు దశాబ్దాలు దాటిన కాపురంలో నన్ను చాలా అంది గాని, నన్నే పాడె కట్టేవాడిలా చూడటం ఇదే మొదలు. నీకా ఆచారం తెలియదు, నాకు వినపడలేదు. పాపం ఆమెకు ఆచారమూ తెలుసు, చెవులూ ఉన్నాయి.

భూగోళం రేడియో బాగుంది. సైకిలు వెనక బట్టల మూట కట్టుకుని తర్లుపాడు పల్లెల్లో తిరిగే రోజుల్లో నాకు ఇలాంటిదొకటి ఉండేది. బడి నాకు అయిదో తరగతితో సరి. ఆ పైన చదువంతా మూటలకు చుట్టి వచ్చిన పాత వారపత్రికలదే. సూరత్ నుంచి వచ్చిన మూటకు గుజరాతీ కాగితం, బెజవాడ మూటకు తెలుగు కాగితం. కథ సగంలో చిరిగిపోతే తక్కిన సగం నేనే అల్లుకుని పల్లెల్లో చెప్పేవాడిని. కథ అయ్యేసరికి చీర బేరం కుదిరేది. దొనకొండ దగ్గర ఒక పల్లెలో కథ మరీ బాగుందని నన్ను రాత్రికి ఉండమన్నారు, చీర మాత్రం ఎవరూ కొనలేదు. ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో వచ్చాను.

బోణీకి ఉపాయం ఆలోచించాను. రుమాలు కొను. రుమాలు కట్టుకునేది కాదు, తుడుచుకునేది. లేదా గుడిలో తెరకు గుడ్డ కొను. అది దేవుడి ఖాతా, నీది కాదు. మీ నాయనకు బోణీ, నీకు మాట, రెండూ నిలుస్తాయి.

ఉపాయాలు దండిగా ఉన్న మీ తాత

గిద్దలూరు,
3 సెప్టెంబరు.

తాతా,

రుమాలు వద్దు, తెర వద్దు. రుమాలుకు ఒప్పుకుంటే రేపు తువ్వాలంటావు, ఎల్లుండి పంచె అంటావు. బట్టలు అమ్మినవాడివి, జానెడు గుడ్డతో మొదలుపెట్టి నిండు తాను దాకా తీసుకుపోవడం నీకు తెలుసు.

జేజికి చెప్పు: ఆమె నూరేళ్ళు రుబ్బాలి. నాకు ఆ ఆచారం నిజంగా తెలియదు. కాని తాతా, పోయాక పంచుకునే చీర కట్టుకుంటే ఎలా ఉందో చెప్పేవాళ్ళు ఉండరు కదా. అది కూడా చదివి వినిపించు.

ఈ వారం దొరికింది: ఒక ముసలావిడ, ఏ దేశమో తెలియదు, చిరుగులు కుడుతూ వీడియోలు పెడుతుంది. మనం చిరుగు కనపడకుండా కుడతాం. ఆవిడ కావాలనే ఎర్ర దారంతో, పచ్చ దారంతో, చిరుగు ఎక్కడుందో ఊరంతా చూసేలా కుడుతుంది. నేను నా పాత కుర్తా మోచేతి దగ్గర అలా కుట్టాను. కాలేజీలో ఒక లెక్చరరు, “పేదరికాన్ని ఫ్యాషన్ చేసినావా?” అన్నాడు. “మీ ప్యాంటు మోకాలి దగ్గర కంపెనీవాళ్ళు చింపి ఇచ్చిందే కదా సార్, నాది నేను కుట్టుకున్నా” అన్నాను. అప్పటినుంచి నా నమస్కారం అందుకోవడం లేదు.

ఒక కోరిక. పాత దుకాణం అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని కూర్చునే కృపావరం అక్కకు కొత్త షోరూములో చోటుందా? ఉంటే దసరా నాడు నేను ఆమె పక్కన సూది పట్టుకుని కూర్చుంటాను. వచ్చినవాళ్ళ చిరుగులు కుడతాను. కొనకుండా దుకాణానికి నేను చేయగలిగింది అదే.

తనూ

మార్కాపురం,
11 సెప్టెంబరు.

మొండిదానా,

ఈ ఉత్తరం నీకు నచ్చదు. కోపం వస్తే చదవడం ఆపి ఒక గ్లాసు నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టు.

నీ కోరిక మీ నాయనకు చెప్పాను. వాడు లెక్క చూస్తున్న కలం పక్కన పెట్టి, “కొనని చెయ్యి బోణీకి ఏం పనికొస్తది నాయనా? మన చెల్లెలి కూతురు అరుణను పిలుస్తన్నా. తనూజ రావాలంటే పట్టుచీర కట్టుకుని రావాల, లేదంటే అక్కడ్నే ఉండమను. షోరూము తెరిచేనాడు గుమ్మంలో చినిగిన బట్టలా! అపశకునం!” అన్నాడు. కృపావరానికి చోటు లేదట. అద్దాల తలుపు, చల్లగాలి మిషను, నున్నటి రాళ్ళు. అరుగే కట్టలేదు.

నేను లేచాను. ఇంటికి వచ్చి చొక్కా విప్పి చూసుకున్నాను. దీని కాలరు పోయినేడే చివికింది. కృపావరం దాన్ని విప్పి, తిరగవేసి, లోపలి మంచి వైపు పైకి వచ్చేలా కుట్టి ఇచ్చింది. మా కాలంలో కాలరు తిప్పించని మగవాడు లేడు. నేను అమ్మిన చీరలే తీసుకో. చీరగా చివికాక పరికిణీ, ఆ తర్వాత పసివాడికి ఉయ్యాల, ఉయ్యాల కూడా తెగితే బొంతలోకి. ఒక్క చీరను ఒకే ఇంట్లో నాలుగు రూపాల్లో చూసి, ‘నా సరుకు గట్టిదే’ అని మీసం తిప్పుకున్నాను. పోనీ మన ఊరు దేశానికంతా అమ్మిందేమిటి? పలక. తుడుచుకుని మళ్ళీ రాసుకునేది. అలాంటి ఊళ్ళో కూర్చుని, కుట్టుకుని మళ్ళీ కట్టుకుంటానన్న పిల్లను అపశకునం అంటున్నాడు నా కొడుకు.

కాబట్టి విను. లోపలి అద్దాలు మీ నాయనవి. స్థలం నా పేరు మీద ఉంది, మెట్లు నావి. మెట్ల మీద కృపావరం మిషను ఉంటుంది. పక్కన నీకు పీట ఉంటుంది. నీ ఇష్టమొచ్చిన దారంతో కుట్టుకో.

నీ తాత

గిద్దలూరు,
18 సెప్టెంబరు.

తాతా,

నీళ్ళు తాగాను. కోపం తగ్గలేదు.

అరుణ బోణీ చేస్తే చెయ్యనీ. నాయనకు కావలసింది నా చెయ్యి కాదు, చేతిలో చీర. ఇన్నేళ్ళూ దసరా పొద్దున ‘మా తనూ చెయ్యి’ అని పదిమందికీ చూపిస్తుంటే నన్నే అనుకున్నాను. చిన్నప్పటినుంచీ అదొక్కటే కదా, ఆ ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ చేయలేని పని.

అయినా వస్తున్నాను, పట్టుచీర లేకుండా. మెట్ల దగ్గరికే వస్తాను. నా పేజీలో పెట్టేశాను కూడా: ‘దసరా నాడు మార్కాపురంలో మా కొత్త షోరూము మెట్ల దగ్గర ఉంటాను. మీ పాత బట్టలు, చినిగినవి తీసుకురండి.’

తనూ

మార్కాపురం,
25 సెప్టెంబరు.

అమ్మా తల్లీ,

ఏం రాశావే ఆ పేజీలో!

నీ మాటను ఎవరో వాట్సాప్‌లో తిప్పారు. తిరిగి తిరిగి తోక తెగి, ‘దసరా నాడు శెట్టిగారి షోరూములో పాత బట్టలు తీసుకుంటారు’ అని మిగిలింది. పాత బట్టలు తీసుకునేది లోకంలో ఎవరు? వీధిలో తట్ట నెత్తిన పెట్టుకుని అరుస్తూ, బట్టలకు బదులు గిన్నెలిచ్చే స్టీలు సామాన్లవాళ్ళు. ఇక చూడు. నిన్న తర్లుపాడు నుంచి యల్లమ్మ అనే ఆమె ఆటో దిగి నేరుగా గల్లా దగ్గరికి వచ్చి, “అయ్యా, ఎన్ని చీరలకు బిందె ఇస్తారు? అంచు చినిగినవి కూడా లెక్కకు వస్తయా?” అని అడిగింది. మీ నాయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయాడు. ఆమె దాన్ని బేరం అనుకుని, “పోనీ, గిన్నెన్నా ఇయ్యి” అంది.

వాడు ఇంట్లో ఎగురుతున్నాడు. “పట్టుచీరల షోరూమును స్టీలు కొట్టు చేసింది!” అని. నాకు వినపడకపోవడం ఈ వారం చాలా సుఖంగా ఉంది.

మీ జేజి నిన్న ఆ పెట్టె తెరిచి చాలాసేపు కూర్చుంది. ఎందుకని అడిగితే, “నాది, తెరుచుకుంటా” అంది. నీ ఉత్తరంలో ఆ ‘ఎలా ఉందో చెప్పేవాళ్ళు ఉండరు’ అన్న ముక్క రెండోసారి చదివించుకుంది. అంతకు మించి నాకు తెలియదు.

సూదులు ఎక్కువ తెచ్చుకో.

నీ తాత

గిద్దలూరు,
4 అక్టోబరు.

తాతా,

చెప్పకుండా తిరుగు రైలెక్కి వచ్చేసినందుకు క్షమించు. నువ్వు లోపల దండలతో సోఫాలో ఇరుక్కుని ఉన్నావు. తిప్పిన కాలరు చొక్కాతో! కొత్త పట్టు లాల్చీ తొడిగిస్తామని వాళ్ళు వెంటపడటం అద్దంలోంచి చూశాను.

మెట్ల మీద మాత్రం సంత. అందరి చేతుల్లో మూటలే. యల్లమ్మ గొంతు అన్నిటికన్నా పైన: “బిందె లేదా? మరెందుకు పిలిచినావమ్మే?” “కుడతాను పెద్దమ్మా, ఊరికే” అన్నాను. “కుడితే నేను మళ్ళీ అదే కట్టుకోవాల్నా?” అంది. “అవును” అన్నాను. కాసేపు తిట్టి, అక్కడే కూర్చుని మూటలోంచి ఒక రవికె తీసి ఇచ్చింది. కృపావరం అక్క మిషను మీద, నేను చేత్తో. తల ఎత్తే తీరిక లేదు.

అప్పుడు జేజి వచ్చింది. వరసలో అందరినీ దాటుకుని వచ్చి, వంకాయ రంగు చీర నా ఒళ్ళో వేసింది. “పంచుకునేది కాదు, నేనిచ్చేది. నువ్వు ఎట్ల కట్టుకుంటావో చూసేదానికి నేనుండాల గదా. ముందు ఈ అంచు కుట్టు. ఊరికే వద్దు” అని ఇరవై రూపాయల నోటు పెట్టింది. పసుపు దారంతో కుట్టాను, చిరుగు కనపడేలాగే. నోటు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, వెనక తలుపు తెరిచిన చప్పుడైతే నువ్వే అనుకుని, తిరక్కుండానే వెనక్కి చాపాను. ఎవరో తీసుకున్నారు. నువ్వే కదా?

నాయన బయటికొచ్చి మొహం చూడలేదు. మూటలు అయిపోయాక అక్క సూదులు సర్దుతుంటే నేనూ లేచాను. అరుణ బోణీ బాగా జరిగే ఉంటుంది. నాయనకు చెప్పు: వచ్చే ఉగాదితో ఆపుదామనుకున్నాను, ఇప్పుడు ఇంకో ఏడాది పెంచాను.

తనూ

మార్కాపురం,
9 అక్టోబరు.

తనూ,

ఆ చెయ్యి నాది కాదు.

మొదటినుంచి చెబుతాను, తొందరపెట్టకు. ముహూర్తం దగ్గరికొచ్చింది. అరుణ బల్ల ముందు నిలబడి చీరలు తిప్పుతోంది. ఆకుపచ్చ తీస్తుంది, “ఇది కాదు మామయ్యా” అంటుంది. నీలం తీస్తుంది, “అంచు బాగలేదు మామయ్యా” అంటుంది. గుమాస్తాలు కొండ దించుతున్నారు. నీ ఎడారి కొండ గుర్తొచ్చి నవ్వాను. దండలు కదిలాయి, ఫొటోగ్రాఫరు ‘అట్లనే ఉండండి’ అన్నాడు. మీ నాయన గడియారం చూస్తున్నాడు, చెమట తుడుచుకుంటున్నాడు, చల్లగాలి మిషను కిందే. బయట బిందెల గోల. వాళ్ళను తోలేద్దామని విసురుగా వెళ్ళి తలుపు తెరిచాడు.

తెరిచేసరికి నీ చెయ్యి, చేతిలో నోటు, వాడి కడుపుకు తగిలేంత దగ్గర్లో.

అమ్మాయ్, మీ నాయన మీసం రాకముందు నుంచి గల్లా దగ్గర పెరిగినవాడు. పొద్దున దుకాణం తీశాక ముందుకొచ్చిన తొలి నోటును వాడు చూడడు, వాడి చెయ్యే చూస్తుంది. తీసుకున్నాడు. రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. గిరుక్కున తిరిగి వచ్చి, గల్లాపెట్టెలో పసుపు కుంకుమల పక్కన వేసి, మూత వేశాడు. మూత మీద వాడి చెయ్యి అలాగే ఆగిపోయింది. అప్పుడు గాని ఏం చేశాడో వాడికి తెలియలేదు. నేను సోఫాలోంచి చూస్తున్నాను. వాడు నన్ను చూశాడు. నేను పైకప్పు చూశాను.

సరిగ్గా అప్పుడు అరుణ ఒక చీర ఎత్తి, “మామయ్యా, ఇది తీసుకుంటా. బోణీ చేసేదా?” అంది.

పెదాల కదలిక నాకు బాగా తెలుస్తుంది. వాడన్నాడు: “తీసుకోమ్మా. బోణీ అయిపోయింది.”

ఆ రోజు అమ్మకం ఎంతో అడగకు, నేనూ అడగలేదు. వాడు మాత్రం సాయంత్రం గల్లా కట్టేటప్పుడు ఆ నోటును తీయలేదు. నీతో మాట్లాడతాడా? ఇప్పుడప్పుడే మాట్లాడడు. వాడు నా కొడుకు, నువ్వు వాడి కూతురివి. కాని నిన్న వాన పడితే మెట్ల మీదికి వెళ్ళి, “అక్కా, మిషను లోపలికి జరుపు, తుప్పు పడతది” అన్నాడు కృపావరంతో. జరిపాక మళ్ళీ బయటికి జరపమనలేదు. ఇవాళ పొద్దున అదే మిషను పక్కన, జేబు ఊడిన తన చొక్కా ఒకటి మడిచి పెట్టాడు. కృపావరం తీయబోతే, “అది కాదు, అది ఉండనీ” అన్నాడట.

యల్లమ్మ నిన్న మళ్ళీ వచ్చింది. నువ్వు కుట్టిన రవికె చూపించి, దారం రంగు బాగలేదని నన్ను తిట్టి పోయింది. అదే తొడుక్కుని ఉంది.

ఇంకో ఏడాది పెంచానన్నావు. ఆ సంగతి వాడికి చెప్పాను. “ఎవురన్నా చీర కొనే పిల్లను కంటారు, నేను చూడు” అన్నాడు. ఇంతకు ముందైతే అరిచి అనేవాడు, ఇప్పుడు మామూలుగా అన్నాడు.

ఆదివారం వస్తే ఆ వంకాయ రంగు చీర కట్టుకునే రా. మీ జేజి స్టేషనుకే వస్తుందట, వాకిట్లో చూస్తే సరిపోదట. సూది తెచ్చుకో, ఆ జేబు ఇంకా ఊడే ఉంది. మీ నాయన మెత్తబడి పట్టుచీర చేతిలో పెట్టి బతిమాలినా సరే, కొనకు.

నీ తాత,
ఉమామహేశ్వర్లు